డిక్షనరీలో సరైన అర్థం పట్టుకోవడం పిల్లలకు నేర్పాలంటే

ఆరో తరగతికి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ డిక్షనరీలో మాట వెతకడం రెండు మూడు రోజుల్లో పట్టుబడుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. మొదట కనబడ్డ అర్థాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించి పుస్తకం మూసేస్తారు. అందుకే విడి మాటలు ఇవ్వొద్దు, వాక్యాలు ఇవ్వండి.

నల్లగొండ పిల్లలకు సాగర్ ఎడమ కాల్వ తెలిసిందే. బోర్డు మీద ఈ రెండూ రాయండి: 'ద లెఫ్ట్ బ్యాంక్ కెనాల్ ఈజ్ ఫుల్', 'మై ఫాదర్ లెఫ్ట్ ద బ్యాంక్ ఎట్ ఫోర్'. డిక్షనరీ తెరవకముందే అడగండి: ఇక్కడ 'లెఫ్ట్' విశేషణమా, క్రియా? మాట పక్కన ఉండే 'ఎన్' (నామవాచకం), 'వి' (క్రియ), 'ఏడీజే' (విశేషణం) గుర్తులు ఇందుకే. ఈ ఒక్క ప్రశ్నతో చాలా అర్థాలు పక్కకు పోతాయి.

క్రియ అని తేలితే 'లీవ్' దగ్గరికి పోవాలి. భూతకాల రూపాలతో ఇదే తంటా. 'ఐ ఫౌండ్ మై పెన్'కు 'ఫైండ్' చూడకుండా 'ఫౌండ్' చూస్తే 'నా పెన్ను స్థాపించాను' అని రాస్తారు, తప్పు వాళ్లది కాదు!

ఇక 'బ్యాంక్'. పుట్టుక వేరైన మాటలను చాలా డిక్షనరీలు విడివిడిగా ఇచ్చి, పైన చిన్న అంకె వేస్తాయి. డబ్బుల బ్యాంకు ఒక చోట, ఏటి గట్టు ఇంకో చోట. మొదటిది చదివి ఆగిపోకుండా కింది దాకా వేలు పెట్టి చూడమనండి. దొరికిన ప్రతి అర్థాన్నీ వాక్యంలో పెట్టి చదివితే అతకనిది తెలిసిపోతుంది.

నలుగురికి రెండు పుస్తకాలు చాలు: ఒక ఇంగ్లిష్–తెలుగు, ఒక లెర్నర్స్ డిక్షనరీ (ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం తేలిక ఇంగ్లిష్‌లోనే అర్థాలు, ఉదాహరణ వాక్యాలు ఇచ్చేది). మొదటిదాంట్లో అర్థాలు కామాలతో వరుసగా ఉంటాయి, ఉదాహరణలు తక్కువ. ఏది ఎంచుకోవాలో రెండోదాంట్లోని వాక్యాలు చూసి తేల్చుకోవాలి. కానీ బయటి దేశంలో అచ్చయిన పుస్తకాన్ని పూర్తిగా నమ్మలేం. మిషన్ కాకతీయ బోర్డుల మీది 'ట్యాంక్' అంటే చెరువు. ఆ అర్థం కొన్నింటిలో చివర ఉంటుంది, కొన్నింటిలో అసలుండదు. 'లుక్ ఆఫ్టర్' లాంటి, రెండు మాటలు కలిసి వేరే అర్థం ఇచ్చేవాటిని 'లుక్' కింద చివర్లో వెతకాలి.

పీరియడ్‌కు మూడు నాలుగు మాటలు మించొద్దు. నోట్‌బుక్‌లో వాక్యం, భాషాభాగం, డిక్షనరీలో ఆ అర్థం ముందున్న అంకె, ఆ ఒక్క అర్థానికే తెలుగు రాయించండి. వారం తర్వాత అవే మాటలు వేరే అర్థంతో ఇచ్చి, ముందు ఊహించమని, తర్వాతే డిక్షనరీ తెరవనివ్వండి.