చిన్న క్లినిక్‌కి ఏబీడీఎం రిజిస్ట్రేషన్: దరఖాస్తు ఎలా చేయాలి, ఆ తర్వాత రికార్డులు ఎలా కాపాడుకోవాలి

ఓపీ చీటీలు, ప్రిస్క్రిప్షన్లు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్న చిన్న క్లినిక్ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో, అదే అందరూ ఏబీడీఎం అంటున్న, పేషెంట్ల ఆరోగ్య రికార్డులని ఆన్‌లైన్‌లో కలిపే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలో చేరాలంటే రెండు రిజిస్ట్రేషన్లు కావాలి. ఒకటి డాక్టరు గారి పేరు మీద, దాన్ని హెచ్‌పీఆర్ అంటారు. రెండోది క్లినిక్ పేరు మీద, అది హెచ్‌ఎఫ్‌ఆర్. రెండూ ఆన్‌లైన్‌లోనే, రెండూ ఉచితం. ఎవరైనా చేసిపెడతామని డబ్బు అడిగితే అది వాళ్ల కూలీ, ప్రభుత్వానికి కట్టే ఫీజేమీ లేదు.

నేను చిన్న క్లినిక్‌ల కంప్యూటర్లు చూసే పని చేస్తాను. ఎక్కడికి వెళ్లినా దరఖాస్తు తెరవకముందే ఒక సంగతి చెప్పాల్సి వస్తోంది. ఇందులో చేరితే మన రికార్డులన్నీ ఢిల్లీ సర్వర్‌లోకి వెళ్లిపోతాయి, ఇక బ్యాకప్ టెన్షన్ ఉండదు అనుకునేవాళ్లు చాలామంది. అలా ఏమీ వెళ్లవు. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైన ఈ మిషన్‌ని నేషనల్ హెల్త్ అథారిటీ నడుపుతోంది గానీ, పేషెంటు రికార్డు మాత్రం పుట్టిన చోటే, అంటే మీ కంప్యూటర్‌లోనో మీ సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్‌లోనో ఉంటుంది. పేషెంటు తన ఫోన్‌లో సరే అన్నప్పుడు అక్కడి నుంచే వెళ్తుంది. మీ హార్డ్ డిస్క్ పోయిందంటే, అంతకుముందే పేషెంటు ఆ రికార్డుని తన ఫోన్‌లోకి తెచ్చుకుని ఉండకపోతే, ఫోన్‌లో లింకు కనపడుతుంది, తెరిస్తే వెనక ఏమీ ఉండదు. అందుకే దరఖాస్తునీ రికార్డుల సంరక్షణనీ విడివిడిగా చూడకండి.

ముందు డాక్టరు గారిది. హెచ్‌పీఆర్ పోర్టల్‌లో ఆధార్ నంబరు కొడితే, ఆధార్‌కి లింకైన మొబైల్‌కి ఓటీపీ వస్తుంది. ఆ ఫోన్ డాక్టరు గారి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆయన ఓపీ చూస్తున్నప్పుడు కాకుండా ఓ అరగంట ఖాళీగా ఉన్నప్పుడు కూర్చోండి. పేరు, పుట్టిన తేదీ, ఫోటో ఆధార్ నుంచే వస్తాయి. తర్వాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టుకుని, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, డిగ్రీ వివరాలు నింపి, రెండు సర్టిఫికెట్లూ అప్‌లోడ్ చేయాలి. ఎక్కడ పనిచేస్తున్నారో కూడా అడుగుతుంది. సబ్మిట్ చేశాక వెరిఫికేషన్ కౌన్సిల్ వైపు నుంచి జరుగుతుంది.

ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గరే. మన దగ్గర ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరంగా ఉండటం మామూలే. ఒక లేడీ డాక్టరు గారిది చేశాను. ఆధార్‌లో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు. నేను అది చూసుకోకుండా సబ్మిట్ చేశాను, వెనక్కి వచ్చింది, పేరు మార్పు కాగితాలు పట్టుకుని మళ్లీ మొదటి నుంచి తిరిగాం. అప్పటి నుంచి ముందు కాగితాలన్నీ టేబుల్ మీద పక్కపక్కన పరిచి, ఒక్కో అక్షరం చూశాకే పోర్టల్ తెరుస్తున్నాను. అలాగే రాష్ట్ర విభజనకి ముందు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదై ఇప్పుడు తెలంగాణలో ప్రాక్టీస్ చేస్తున్న సీనియర్లుంటే, ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న సర్టిఫికెట్ ఏ కౌన్సిల్‌దో ఆ కౌన్సిల్‌నే ఎంచుకోవాలి, పాత నంబరు అలవాటుగా కొట్టేయకూడదు. ఐదేళ్లకోసారి చేయించాల్సిన రెన్యువల్ అయిందో లేదో కూడా ఒకసారి చూడండి.

ఇక క్లినిక్ రిజిస్ట్రేషన్. హెచ్‌ఎఫ్‌ఆర్ పోర్టల్‌లోకి వెళ్లగానే కొత్తది చేర్చకండి, ముందు మీ క్లినిక్ పేరుతో వెతకండి. ఇంతకుముందే ఎవరో చేర్చి ఉండొచ్చు, ఒకే క్లినిక్‌కి రెండు ఐడీలుంటే తర్వాత సరిచేయించుకోవడం చాలా పని. లేదని తేలాక క్లినిక్ పేరు, ప్రైవేటా ప్రభుత్వమా, అల్లోపతా ఆయుర్వేదమా హోమియోనా, ఓపీ మాత్రమేనా పడకలు కూడా ఉన్నాయా, పని వేళలు, అడ్రసు, మ్యాప్ మీద లొకేషన్, బోర్డు కనపడేలా బిల్డింగ్ ఫోటో ఇవన్నీ ఇవ్వాలి. బోర్డు మీద పేరూ దరఖాస్తులో పేరూ ఒకటే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, లెటర్‌హెడ్ మీద ఇంకా పాత జిల్లా ఉంటే ముందు దాని సంగతి చూడండి. దరఖాస్తు ఆమోదం పొందాక ఐఎన్ అక్షరాలతో మొదలయ్యే ఫెసిలిటీ ఐడీ వస్తుంది, దాన్ని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఫెసిలిటీ మేనేజర్‌గా, అంటే పోర్టల్‌లో క్లినిక్ వివరాలు చూసుకునే మనిషిగా ఎవరి పేరు, ఎవరి మొబైల్ ఇస్తున్నారో ఆలోచించి ఇవ్వండి. ఒక క్లినిక్‌లో కౌంటర్‌లో కూర్చునే అబ్బాయి చురుగ్గా ఉంటాడు కదా అని అతని నంబరుతోనే అంతా చేయించారు. ఏడాది తిరక్కుండా అతను ఉద్యోగం మానేశాడు, నంబరు కూడా మార్చేశాడు. ఆ తర్వాత క్లినిక్ టైమింగ్ మార్చాలన్నా ఓటీపీ ఎవరికి వెళ్తోందో తెలియని పరిస్థితి. డాక్టరు గారి నంబరైనా, క్లినిక్ పేరు మీద తీసుకుని ఎప్పుడూ రీచార్జ్ చేసే సిమ్ అయినా ఇవ్వండి.

ఐడీ వచ్చాక దాన్ని మీ సాఫ్ట్‌వేర్‌తో లింక్ చేయాలి. అది జరగాలంటే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఏబీడీఎం అనుమతి ఉండాలి. ఎం1, ఎం2, ఎం3 అని మూడు దశలుంటాయి: పేషెంటు హెల్త్ ఐడీ అయిన ఆభా నంబరు తీసుకోవడం మొదటిది, రికార్డుని లింక్ చేసి పంపడం రెండోది, వేరే చోటి రికార్డుని పేషెంటు అనుమతితో తెప్పించుకోవడం మూడోది. ఏబీడీఎం ఉంది అని సేల్స్ వాళ్లు చెబితే ఎంతవరకు అయిందో అడగండి, మొదటి దశ మాత్రమే అయి ఆగిన సాఫ్ట్‌వేర్‌తో రికార్డులు ఎక్కడికీ వెళ్లవు. ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాకప్ ఎవరి బాధ్యత? రేపు మేం వేరే సాఫ్ట్‌వేర్‌కి మారితే మా డేటా మొత్తం ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో ఇస్తారు? రెండో ప్రశ్నకి నీళ్లు నమిలే కంపెనీతో ఒప్పందం వద్దంటాను.

కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ పెడితే పేషెంటు స్కాన్ చేయగానే వివరాలు మీ సాఫ్ట్‌వేర్‌లోకి వస్తాయి, పేరు టైప్ చేయడంలో తప్పులు పోతాయి. 14 అంకెల ఆభా నంబరు తీసుకోవడం పేషెంటు ఇష్టం, లేదని వైద్యం ఆపకూడదు, వాళ్లకి చెప్పకుండా వాళ్ల పేరు మీద మనమే నంబరు తీసుకోకూడదు. ఒక ఇంట్లో నలుగురికీ ఒకే మొబైల్ ఉన్నప్పుడు అత్తగారి షుగర్ రిపోర్టు కోడలి పేరు మీద లింకయ్యే ప్రమాదం నిజంగా ఉంది. పేరుతో పాటు వయసు కూడా పైకి చదివి అడగమని స్టాఫ్‌కి అలవాటు చేయండి.

2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం అడ్మిట్ అయిన పేషెంట్ల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి, పేషెంటు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. ఓపీ రికార్డులు కూడా అంతకాలం ఉంచమనే నా సలహా, షుగర్, బీపీ వాళ్లకి పాత రీడింగులే ముఖ్యం. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు అంత పెద్ద ఆసుపత్రిలోనే రోజుల తరబడి కాగితాల మీద పని చేశారు. రోజూ సాయంత్రం బ్యాకప్, అందులో ఒక కాపీ కంప్యూటర్ నుంచి తీసేసి క్లినిక్ బయట ఉండాలి. ఎప్పుడూ తగిలించి ఉంచిన ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని వైరస్ కూడా అలాగే తినేస్తుంది. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, పోయిన వారం వచ్చిన ఒక పేషెంటు రికార్డు కనపడుతుందో లేదో చూడండి. బ్యాకప్ అయింది అని స్క్రీన్ మీద పచ్చగా వచ్చినా ఫైలు తెరుచుకోని సందర్భాలు నేను చూశాను. ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఇవ్వండి, మానేసిన రోజే తీసేయండి.

దరఖాస్తు చాలా రోజులు పెండింగ్‌లోనే ఉంటే ఏబీడీఎం హెల్ప్‌లైన్ 14477కి గానీ, టోల్‌ఫ్రీ నంబరు 1800 11 4477కి గానీ ఫోన్ చేయండి. దరఖాస్తు నంబరు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, సబ్మిట్ చేసిన తేదీ ముందు పెట్టుకుని చేయండి. మాట్లాడాక వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు కూడా అదే ఫైల్లో రాసి పెట్టుకోండి, మళ్లీ ఫోన్ చేసినప్పుడు మొదట అడిగేది అదే.