‘కేటగిరీ’ పడిన జవానుకు: బోర్డు కాగితం ఎలా చదవాలి, ఏం భద్రపరచాలి

‘వాడికి కేటగిరీ పడింది’, అంటే ఆరోగ్య స్థాయి పూర్తి ఫిట్‌నెస్ కంటే కిందికి దిగింది అనే మాట భారత సైన్యంలో అన్ని యూనిట్లలోనూ వినిపిస్తుంది. ఆ మాట విన్న జవాను నౌకరీ సగం పోయిందని బెంగపెట్టుకుంటాడు. చెప్పినవాడికేమో ఆ కేటగిరీ ఏమిటో కూడా తెలియదు. ఆరు నెలల్లో మానిపోయే కాలి ఫ్రాక్చరూ, జీవితాంతం మాత్రలు వాడాల్సిన మధుమేహమూ ఆ ఒక్క మాటలోనే కలిసిపోతాయి. డ్యూటీ, పోస్టింగ్, కేడర్ (ప్రమోషన్‌కు ముందు పూర్తిచేయాల్సిన కోర్సు), ఎక్స్‌టెన్షన్ (సర్వీసు పొడిగింపు), చివరికి పెన్షన్ కూడా నిర్ణయమయ్యేది ఆ మాట మీద కాదు, మెడికల్ బోర్డు కాగితంలో రాసిన ఒక్క వరుస మీద. ముందు ఆ వరుస చదవడం నేర్చుకోవాలి.

షేప్ అంటే అయిదు అక్షరాలు

జవాను ఆరోగ్య స్థాయిని బోర్డు షేప్ అనే అయిదు అక్షరాల్లో రాస్తుంది. ఎస్ అంటే మానసిక స్థితి. హెచ్ వినికిడి, ఏ చేతులూ కాళ్లూ, పీ మొత్తం శారీరక సామర్థ్యం, ఈ కంటిచూపు. గుండె, రక్తపోటు, షుగర్, కిడ్నీ, ఊబకాయం లాంటివన్నీ పీ కిందికే వస్తాయి. అందుకే పీ కేటగిరీలు ఎక్కువగా కనిపిస్తాయి. ప్రతి అక్షరం పక్కన 1 నుంచి 5 వరకు ఒక అంకె వేస్తారు.

1 ఉంటే ఎక్కడైనా, ఏ డ్యూటీ అయినా చేయవచ్చు. అయిదు అక్షరాలకూ 1 ఉన్నవాడినే షేప్-1 అంటారు. 2 ఉంటే దాదాపు అన్ని డ్యూటీలూ చేయవచ్చు గానీ తీవ్రమైన శ్రమకూ కొన్ని ప్రాంతాలకూ పరిమితులుంటాయి. 3 ఉంటే మామూలు డ్యూటీ, కూర్చుని చేసే పని మాత్రమే. పని విషయంలోనూ, పంపే చోటు విషయంలోనూ కట్టుబాట్లుంటాయి. 4 అంటే ఆసుపత్రిలోనో సిక్ లీవ్‌లోనో ఉన్నందువల్ల ప్రస్తుతానికి డ్యూటీకి పనికిరాడని అర్థం. 5 అంటే సైనిక సేవకు శాశ్వతంగా అనర్హుడు.

అంకె తర్వాత బ్రాకెట్లో ఉన్నదాన్ని చాలామంది పట్టించుకోరు. టీ-24 అంటే 24 వారాల తాత్కాలిక కేటగిరీ, ఉత్త పీ ఉంటే శాశ్వతం. ఏ అక్షరం దగ్గర యూ ఉంటే చేయి, ఎల్ ఉంటే కాలు. కాబట్టి ‘ఎస్1 హెచ్1 ఏ3(ఎల్)(టీ-24) పీ1 ఈ1’ అని ఉంటే కాలికి దెబ్బ తగిలిందనీ, 24 వారాలు బరువు పనులు వద్దనీ, ఆ తర్వాత మళ్లీ చూస్తారనీ అర్థం. అదే చోట (పీ) ఉంటే సంగతి పూర్తిగా వేరు. టెంపరరీ అంటే చికిత్స ఇంకా నడుస్తోంది. పర్మినెంట్ అంటే ఇంతకు మించి మెరుగవడం కష్టమని బోర్డు తేల్చేసింది.

కోప్: రోజూ చేసే డ్యూటీని శాసించేది ఇదే

షేప్ కింద ఎంప్లాయబిలిటీ రిస్ట్రిక్షన్ (ఏ పనులు చేయించకూడదో చెప్పే ఆంక్ష) అని ఇంకో వరుస ఉంటుంది. దాన్ని కోప్ పద్ధతిలో రాస్తారు. సీ వాతావరణం, ఎత్తు, నేల తీరుకు సంబంధించినది. ఓ ఎంత తరచుగా డాక్టర్ పర్యవేక్షణ అవసరమో చెబుతుంది. పీ శారీరక శ్రమకు పరిమితి. ఈ ఆ జబ్బుకు మాత్రమే వర్తించే ప్రత్యేక ఆంక్ష.

కంపెనీలో మీకు ఏ డ్యూటీ వేయవచ్చో, ఏది వేయకూడదో చెప్పేది ఈ వరుసే. మూర్ఛ వచ్చినవాణ్ని వాహనం మీదికీ నీళ్లలోకీ పంపకూడదు. చెవి దెబ్బతిన్నవాణ్ని ఫైరింగ్ రేంజికీ జనరేటర్ శబ్దానికీ దూరంగా ఉంచాలి. ఎస్ కేటగిరీలో ఉన్నవాడి చేతికి ఆయుధం ఇవ్వవద్దని రాసి ఉంటే అతణ్ని సెంట్రీగా నిలబెట్టకూడదు. తేడా వస్తే జవానుతోపాటు డ్యూటీ వేసిన సుబేదార్ కూడా జవాబు చెప్పుకోవాలి. అందుకని ఆ వరుసను చూసి రాసుకుని, డ్యూటీ రోస్టర్ తయారుచేసే ఎన్‌సీఓ దగ్గర ఒక కాపీ ఉంచాలి. ‘సాబ్, నాకు కేటగిరీ ఉంది’ అంటే ఎవరూ నమ్మరు. కాగితం చూపిస్తే ఎవరూ కాదనరు.

ఎత్తు ప్రాంతాల ఆంక్ష విషయంలో మొహమాటపడవద్దు. ఆరోగ్యంగా ఉన్నవాడికే 2700 మీటర్లు దాటితే దశలవారీగా అలవాటుపడే గడువు ఇస్తారు: మొదటి దశకు 6 రోజులు, 3600 మీటర్ల పైన 4 రోజులు, 4500 మీటర్ల పైన ఇంకో 4 రోజులు. రక్తపోటు దాచి, బయట కొన్న మాత్రలు మింగుతూ పైకి వెళ్లినవాడికి ఆ గడువు కూడా రక్షణ కాదు. జబ్బు దాచడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. సైనిక ఆసుపత్రి రికార్డులో లేని జబ్బు సర్వీసులో ఎప్పుడు మొదలైందో, ఏ పోస్టింగ్‌లో ముదిరిందో రేపు పెన్షన్ దగ్గర చూపించలేరు.

బోర్డు దాకా ఎలా నడవాలి

సిక్ రిపోర్ట్‌తో మొదలవుతుంది. ఎంఐ రూమ్‌లో (యూనిట్ వైద్య గదిలో) ఆర్‌ఎంఓ, అంటే యూనిట్ డాక్టర్, చూసి మిలిటరీ హాస్పిటల్ స్పెషలిస్టుకు పంపుతాడు. అడ్మిషన్, పరీక్షలు, అవసరమైతే సిక్ లీవ్, ఆ తర్వాత మొదటి కేటగిరీ బోర్డు. రక్తపోటు కేసుల్లో ఒక్క రీడింగ్ చూసి కేటగిరీ వేయకూడదు. ఆసుపత్రిలో ఉంచి పలుమార్లు కొలుస్తారు. ఆ రోజుల్లో ‘ఒక్కసారి చూసి పంపేయండి సాబ్’ అని తొందరపెడితే నష్టపోయేది మీరే.

బోర్డు కాగితం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15. దాన్ని డాక్టర్లు మాత్రమే నింపరు. కొంత భాగం యూనిట్ నింపి పంపాలి: ఏ ట్రేడు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎక్కడ పనిచేశారు, అది ఫీల్డా (కార్యక్షేత్రమా), పీసా (శాంతి ప్రాంతమా), హై ఆల్టిట్యూడా (ఎత్తు ప్రాంతమా), డ్యూటీ ఎలాంటిది అనేవి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. క్లర్కు హడావుడిలో రెండేళ్ల ఫీల్డ్ టెన్యూర్ వదిలేస్తాడు. జవాను చదవకుండా సంతకం పెడతాడు. పదేళ్ల తర్వాత పెన్షన్ బోర్డు ఆ కాగితం చూసి ‘జబ్బు పీస్ స్టేషన్‌లో మొదలైంది, సర్వీసుతో సంబంధం లేదు’ అని రాస్తుంది. మీ పోస్టింగుల తేదీలు ముందే ఒక కాగితం మీద రాసుకుని, ఫారం పక్కన పెట్టి, వరుస వరుసా సరిచూసిన తర్వాతే సంతకం చేయండి.

మానసిక జబ్బు కేసుల్లో అదనంగా ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 ఉంటుంది. జవాను ప్రవర్తన గురించి కమాండింగ్ ఆఫీసర్ ఇచ్చే నివేదిక అది. సైకియాట్రిస్టు దానికి చాలా విలువ ఇస్తాడు. కాబట్టి మీతో రోజూ పనిచేసే జేసీఓ (సుబేదార్ స్థాయి అధికారి) మాట అందులోకి వెళ్లేలా చూసుకోండి. మిమ్మల్ని నెలకోసారి చూసేవాడు రాస్తే అందులో రెండు ముక్కలకు మించి ఏముంటుంది?

బోర్డు నిర్ణయాన్ని పై మెడికల్ అధికారి ఆమోదించాలి, తర్వాత యూనిట్ పార్ట్-2 ఆర్డర్ (జవాను రికార్డులో మార్పును నమోదుచేసే ఉత్తర్వు) వేయాలి. పార్ట్-2 పడకపోతే రికార్డ్ ఆఫీసు లెక్కల్లో మీరింకా పాత కేటగిరీలోనే ఉంటారు. పైకి కేటగిరీ వచ్చినప్పుడు ఇది ఆలస్యమైతే కోర్సుకు పేరు వెళ్లదు. కిందికి వచ్చినప్పుడు ఆలస్యమైతే ఫీల్డ్ పోస్టింగ్ ఆర్డర్ వచ్చిపడుతుంది.

టీ-24 ముగిసే తేదీని మీరే గుర్తుపెట్టుకోండి. గడువుకు మూడు నాలుగు వారాల ముందే ఆర్‌ఎంఓను కలిసి రీక్యాట్ బోర్డుకు (కేటగిరీని తిరిగి పరిశీలించే బోర్డుకు) తేదీ తీసుకోండి. లీవ్‌కు వెళ్లి గడువు దాటించినవారి కేటగిరీ ‘ఓవర్‌డ్యూ’ అవుతుంది. అలా ఉన్నంతకాలం ఏ ఫైలూ కదలదు. తాత్కాలిక కేటగిరీ తర్వాత మెరుగైతే పైకి తెస్తారు, లేకపోతే శాశ్వతం చేస్తారు. శాశ్వతం అయినంత మాత్రాన తలుపు మూసేసినట్టు కాదు, దాన్ని కూడా 2 ఏళ్లకోసారి తిరిగి చూస్తారు. బరువు వల్ల వచ్చిన కేటగిరీ, మందులు లేకుండానే అదుపులోకి వచ్చిన రక్తపోటు లాంటివి షేప్-1కు తిరిగిరావడం అరుదేమీ కాదు. మోకాలి లిగమెంట్ మాత్రం అంత తేలిగ్గా రాదు. సర్జరీ తర్వాత ఫిజియోథెరపీ సగంలో మానేయడమే దానికి ఎక్కువగా కారణం.

గాయమైతే: మొదటి 48 గంటల కాగితాలు

జబ్బు కాక గాయమైతే ఐఏఎఫ్‌వై-2006 అనే ఇంజురీ రిపోర్ట్ తయారుకావాలి. గాయం తీవ్రమైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం జరిపే లోపలి విచారణ) జరగాలి. అది డ్యూటీలో జరిగిందా లేదా అని అక్కడ తేలుతుంది, పెన్షన్ దాకా వెంటవచ్చేది అదే. వాలీబాల్ ఆడుతూ పడితే ‘ఆడుతూ పడ్డాడు’ అని రాసి వదిలేస్తే చాలదు. అది యూనిట్ ఆదేశించిన గేమ్స్ పరేడా, సొంత సరదానా అన్నది స్పష్టంగా ఉండాలి. సాక్షులు పోస్టింగ్ మీద వెళ్లిపోకముందే వాంగ్మూలాలు తీసుకోవాలి.

సెలవులో ప్రమాదం జరిగితే వెంటనే యూనిట్‌కు తెలియజేయండి. దగ్గర్లోని మిలిటరీ హాస్పిటల్‌కో స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కో కూడా చెప్పండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, సివిల్ ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు అన్నీ దాచుకోండి. సెలవులో ఉన్నంత మాత్రాన ఆ గాయం సర్వీసు లెక్కలోకి రాదు. సైనిక విధితో దానికి సంబంధం చూపాలి. సెలవుకు వెళ్లే దారిలో, తిరిగి డ్యూటీకి వచ్చే దారిలో జరిగినది వేరు, అందుకే టికెట్టూ లీవ్ సర్టిఫికెట్టూ పారేయకూడదు.

కెరీర్ ఎక్కడెక్కడ ఆగుతుంది

యూఎన్ మిషన్, కమాండో తరహా కోర్సులు షేప్-1 లేనిదే లేవు. ఇందులో చర్చించేదేమీ లేదు. ప్రమోషన్ సంగతి మాత్రం కొంచెం మెలికగా ఉంటుంది. చాలామందికి అడ్డం పడేది కేటగిరీ కాదు. కేటగిరీ వల్ల ఫిట్‌నెస్ పరీక్షల్లో పరుగెత్తలేక, కేడర్ పూర్తికాక ఆగిపోవడమే అసలు అడ్డం. కాబట్టి కేడర్‌కు ఒకటి రెండేళ్ల ముందు తాత్కాలిక కేటగిరీ వస్తే దాన్ని సాగదీయకుండా చికిత్స పూర్తిచేసుకోవడం మీద దృష్టి పెట్టాలి. యుద్ధ గాయాలకు, అంటే బ్యాటిల్ క్యాజువాల్టీ అయినవారికి ప్రమోషన్‌లోనూ ఉద్యోగం కొనసాగించడంలోనూ విడిగా సడలింపులు ఉన్నాయి. మీ గాయం ఆ జాబితాలోకి వస్తుందేమో పార్ట్-2 ఆర్డర్‌లో చూసుకోండి.

ఎక్స్‌టెన్షన్ దగ్గర కూడా కేటగిరీ చూస్తారు. హవల్దార్‌కు 24 ఏళ్ల సర్వీసు తర్వాత వచ్చే 2 ఏళ్లు స్క్రీనింగ్ బోర్డు చేతిలో ఉంటాయి. శాశ్వత కేటగిరీ ఉన్నవాడు ఆ రెండేళ్ల జీతం మీద ఇంటి లోను వేసుకోవడం తెలివైన పని కాదు.

అగ్నివీరులకు నియమం ఇంకా కఠినం. శాశ్వతంగా తక్కువ మెడికల్ కేటగిరీ పడితే ఆ తర్వాత పథకంలో కొనసాగే అర్హత ఉండదు. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యమైతే ఒక్కసారి ఇచ్చే పరిహారం ఉంది: 100 శాతానికి 44 లక్షలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షల రూపాయలు. నెల నెలా పెన్షన్ లేని ఉద్యోగం కాబట్టి వీళ్లకు ఇంజురీ రిపోర్ట్ ఇంకా ముఖ్యం.

షెల్టర్డ్ అపాయింట్‌మెంట్, విల్లింగ్ సర్టిఫికెట్

శాశ్వత కేటగిరీ పడిన రెగ్యులర్ జవానును స్టోర్, ఆఫీసు, ఎక్స్‌ఛేంజ్ లాంటి చోట్ల షెల్టర్డ్ అపాయింట్‌మెంట్‌లో, అంటే అతని ఆరోగ్యానికి తగిన తేలికపాటి కొలువులో, ఉంచుతారు. అది హక్కు కాదు, ఖాళీనీ కమాండింగ్ ఆఫీసర్ సిఫారసునూ బట్టి ఉంటుంది. అప్పుడు ‘విల్లింగ్’ (ఆ పనిలో కొనసాగుతాను) లేదా ‘అన్‌విల్లింగ్’ (కొనసాగను) సర్టిఫికెట్ మీద సంతకం అడుగుతారు. ‘ఇంటికి పోతే పోలా’ అని అలిగి అన్‌విల్లింగ్ రాయవద్దు. తనంతట తాను వెళ్లిపోవడం ఒకటి, అనర్హుడని బోర్డు పంపించడం ఇంకొకటి. సంతకం చేసేముందు పెన్షన్ ఎలా మారుతుందో రికార్డ్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

కేటగిరీ కారణంగా తొలగించదలిస్తే ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు (సేవకు అనర్హుడని తేల్చే బోర్డు) జరగాలి. ఆ బోర్డు లేకుండా షోకాజ్ నోటీసుతోనే ఇంటికి పంపడం చెల్లదని సుప్రీం కోర్టు 2008లో రాజ్‌పాల్ సింగ్ కేసులో తేల్చింది. నోటీసు వస్తే గడువులోపే జవాబివ్వండి, ఏ పని చేయగలరో అందులో స్పష్టంగా రాయండి.

వెళ్లేటప్పుడు జరిగే బోర్డు

షేప్-1లో రిటైరైతే బోర్డు ఫారం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-18, కేటగిరీలో రిటైరైతే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16. రెండోదానిలో మూడు విషయాలు వెతకండి: వైకల్యం ఎంత శాతం, ఎంతకాలానికి, అది సర్వీసు వల్ల వచ్చిందా లేదా సర్వీసు వల్ల ముదిరిందా. రెండూ కాదంటే జవాన్లు ‘నానా’ అంటారు, డిజెబిలిటీ పెన్షన్ తిరస్కరణకు మామూలు కారణం అదే.

వైకల్యం 20 శాతమో అంతకంటే ఎక్కువో ఉండి, సర్వీసుతో సంబంధం ఒప్పుకుంటే మామూలు పెన్షన్ మీద డిజెబిలిటీ ఎలిమెంట్ (వైకల్యానికి అదనంగా ఇచ్చే మొత్తం) వస్తుంది. 100 శాతానికి చివరి జీతంలో 30 శాతం, తక్కువైతే ఆ నిష్పత్తిలో. జీతం 50,000 అనుకుంటే 100 శాతానికి 15,000, 40 శాతానికి 6,000 రూపాయలు. 50 శాతం లోపు ఉన్నదాన్ని 50కి పెంచి లెక్కించే పద్ధతి వర్తిస్తే అదే 7,500 అవుతుంది. మీరు సర్వీసు నుంచి వెళ్లే తేదీ ముఖ్యం: 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ (ఈ పెన్షన్‌కు అర్హత నియమాలు) అమల్లోకి వచ్చాయి, పాతవాళ్ల లెక్క మీకు సరిపోకపోవచ్చు.

క్లెయిమ్ తిరస్కరిస్తే 6 నెలల్లో మొదటి అప్పీలు, అది కూడా పోతే మళ్లీ 6 నెలల్లో రెండో అప్పీలు. తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు చెన్నై బెంచ్. భర్తీ సమయంలో ఆ జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే, అది సర్వీసులో వచ్చినదిగా భావించాలని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అందుకే అప్పీలుకు మొట్టమొదట జతచేయాల్సింది మీ ఎన్‌రోల్‌మెంట్ మెడికల్ కాపీ, దాని వెనక మొదటి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15, ఆ తర్వాత వరుసగా అన్ని రీక్యాట్ బోర్డులు.