"చూద్దాంలే" అన్న ప్రతిసారీ రాసిపెట్టుకోండి

మన దగ్గర పనిచేసేవాళ్ళు సెలవు అడుగుతారు, విరిగిన కుర్చీ మార్చమంటారు. హడావుడిలో "చూద్దాంలే" అనేసి మర్చిపోతాం. అడిగినవాళ్ళు మర్చిపోరు. రెండోసారి అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు, నమ్మకం సడలేది అక్కడే.

ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి: తేదీ, అడిగినవారు, అడిగింది, జవాబు చెప్పే తేదీ. అడిగిన మనిషి ఎదురుగానే రాయండి. తర్వాత రాద్దామనుకుంటే సగం జారిపోతాయి. గడువు 7 రోజులు దాటకూడదు. అయితే అది అవునో కాదో చెప్పడానికే, పని పూర్తిచేయడానికి కాదు. ఈ తేడా ముందే చెప్పకపోతే ఏడో రోజుకి కొత్త కుర్చీ వచ్చేస్తుందనుకుంటారు.

వారానికోసారి, ఎప్పుడూ ఒకే రోజున, 10 నిమిషాలు ఆ పుస్తకం ముందేసుకుని అందరితో కూర్చోండి. కాదనాల్సి వస్తే కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. ఇంకా తేలకపోతే పాత తేదీ కొట్టేయకుండా పక్కనే కొత్తది వేయండి. వాయిదా ఒక్కసారే. మళ్ళీ వాయిదా వేసేకన్నా "కుదరదు" అనడమే మేలు, మనసు కష్టపడినా వాళ్ళు వేరే దారి చూసుకోగలుగుతారు.

పుస్తకం అందరికీ అందేచోట ఉంచండి. అడ్వాన్సు, ఆరోగ్యం, ఇంటి విషయాలు మాత్రం ఇందులో ఎక్కించకండి. వాటికి మీ దగ్గరే ఉండే చిన్న డైరీ వాడి, జవాబు విడిగా చెప్పండి.

జీతాలే ఆలస్యమవుతున్నచోట ఇది పనిచేయదు. ముందు జీతం తేదీ స్థిరపరచి, రెండు నెలలు తప్పకుండా ఇచ్చాకే పుస్తకం మొదలుపెట్టండి.