పాత వలలతో పెద్ద తాబేలు చేసేవారికి

ఒడిశాలోని గంజాం తీరంలో మన జాలరిపేటల వాళ్లకు చిరిగిన వలలు, తెగిన తాళ్లు, కొబ్బరి పీచు కొనే పని లేదు. వాటితో పెద్ద ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు బొమ్మ చేయాలనుకుంటే ఓపికంతా లోపలి చట్రం మీద పెట్టండి. పైపని ఎలాగోలా కుదురుతుంది.

వెదురును బద్దలుగా చీల్చి కొన్నాళ్లు నీళ్లలో నానబెట్టండి. అందులోని పిండిపదార్థం దిగిపోయి పురుగు పట్టడం తగ్గుతుంది, బద్ద కూడా బాగా వంగుతుంది. వంచేటప్పుడు నిగనిగలాడే తొక్క వైపు బయటికి ఉండాలి. లోపలి వైపు బయటికొస్తే పీచులు లేచి ఫట్‌మంటుంది. మేకులు కొట్టొద్దు, వెదురు నిలువునా చీలుతుంది. కూడలి దగ్గర తాడు చుట్టి, ఆ చుట్లను మళ్లీ రెండు బద్దల మధ్య నుంచి అడ్డంగా బిగించి ముడేయండి. వలలు అల్లే చేతులకు ఇది నేను చెప్పాలా!

ఈ తాబేలు డిప్ప సుమారు 2 అడుగులు, పొడవూ వెడల్పూ ఇంచుమించు సమానం. 8 అడుగుల డిప్ప చేస్తే తల, రెక్కలు అన్నీ 4 రెట్లే. డిప్ప మీద ఒక్కో పక్క పలకలు సాధారణంగా 6 నుంచి 9 ఉంటాయి. కుడి ఎడమల లెక్క తేడా వచ్చినా టెన్షన్ వద్దు, అసలు తాబేళ్లకూ అలాగే ఉంటుంది. పలకలకు కొబ్బరి మట్ట మొదలు బాగుంటుంది.

నైలాన్ వల మంట తగిలితే కరిగి కారుతుంది, దగ్గర్లో దీపాలు, టపాసులు పెట్టొద్దు. ఫిబ్రవరి, మార్చిలో రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోటి ఇసుక మీద మాత్రం నిలబెట్టకండి, అప్పుడు గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లకు దారి కావాలి.