సంఘం హక్కు, పాఠం 5: నిషేధం కాగితం ఎలా చదవాలి

పోయిన పాఠం కొంప ముంచింది. రాజ్యాంగంలో సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చే 19(1)(సి) అధికరణం చదివాం, దానికి కళ్లెం వేసే 19(4) చదివాం, అంతవరకు బాగానే ఉంది. చివర్లో నేనే తెలివి తక్కువగా "మీ ఊళ్లో ఏ సంఘాన్నైనా నిషేధించారా, రాయండి" అని అడిగాను. వచ్చిన జవాబులన్నీ "మా సంఘాన్ని బ్యాన్ చేశారు మాస్టారూ" అనే. ఒక్కొక్కటీ విప్పి చూస్తే అందులో ఒక్క బ్యానూ లేదు.

మెళియాపుట్టి వైపు తమ్ముడొకరు ఫోటో పంపారు. నులక మంచం మీద పరిచిన దరఖాస్తు, మూలన టీ మరక. సంఘం పేరులో "సవర" అన్న మాట (అది వాళ్ల తెగ పేరు) చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన "పేరు మార్చి తేవలెను" అని రాసుంది. సంతకం లేదు, తేదీ లేదు, సెక్షన్ నంబరు లేదు. దీన్ని నిషేధం అన్నామంటే ఆ పెన్సిల్‌కి లేని అధికారం మనమే ఇచ్చినట్టు.

కాబట్టి ఇవాళ ముందుకెళ్లడం లేదు. మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి, విడదీద్దాం. రిజిస్ట్రేషన్ ఇవ్వకపోవడం ఒకటి. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది రాకపోతే సంఘం పేరున బ్యాంకు ఖాతా, స్థలం దగ్గర ఇబ్బంది, అంతే గానీ చెట్టు కింద కూర్చుని మీటింగ్ పెట్టుకోవడం నేరం కాదు. గుర్తింపు ఇవ్వకపోవడం రెండోది. ప్రభుత్వం మిమ్మల్ని పిలిచి మాట్లాడదు, రాయితీలు రావు. నిషేధం మూడోది. అందులో సభ్యుడిగా ఉండడమే నేరమవుతుంది. 2011లో సుప్రీంకోర్టు ఉట్టి సభ్యత్వం నేరం కాదంది, 2023లో ఆ మాట తప్పని తనే దిద్దుకుంది. ఊరికే బ్యాన్ బ్యాన్ అనకండి అనేది అందుకే.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి. "పేరులో తెగో కులమో ఉంటే చట్టం ఒప్పుకోదు కదా?" ఎవరు చెప్పారు? 29(1) అధికరణం తీయండి. సొంత భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ వర్గానికైనా వాటిని కాపాడుకునే హక్కు ఉందని రాసుంది. మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి, బడులు పెట్టించారు. అదే పని సవరలే సంఘం కట్టి చేసుకుంటామంటే వేర్పాటు అవుతుందా?

ఇంకో వైపు నుంచి చూడండి. 2023 నవంబరులో కేంద్రం మణిపూర్‌లో మైతేయి జాతికి చెందిన కొన్ని సంస్థల మీద నిషేధాన్ని ఐదేళ్లు పొడిగించింది. ఆ ఉత్తర్వులో వాటిని "మైతేయి తీవ్రవాద సంస్థలు" అన్నారు. అది చూసి మైతేయిల సంఘాలన్నీ పోయాయనుకుంటే పొరపాటు. పేర్లు పెట్టి చెప్పిన సంస్థలే పోయాయి. కారణంగా చూపింది సాయుధ పోరాటం, విడిపోవాలన్న లక్ష్యం. ఆ సంస్థలు ఏ జాతివన్నది కారణం కాదు.

గ్రీసులో కొందరు మాసిడోనియా సంస్కృతి పేరుతో సంఘం పెట్టబోతే అక్కడి కోర్టులు రిజిస్టర్ చేయం పొమ్మన్నాయి. 1998లో యూరోపు మానవ హక్కుల కోర్టు గ్రీసుదే తప్పంది. సంఘం ఇంకా ఏ పనీ మొదలుపెట్టకుండానే ఉద్దేశాలు అనుమానించారు, అదీ ఆ తప్పు. అయితే 2004లో అదే కోర్టు పోలండ్ పక్షాన నిలబడింది. అక్కడ సైలీషియన్లు తమ నియమావళిలో "జాతీయ మైనారిటీ సంస్థ" అని రాసుకున్నారు. ఆ ఒక్క మాటతో ఎన్నికల్లో 5 శాతం ఓట్లు వస్తేనే సీట్లు అనే నిబంధన నుంచి మినహాయింపు దొరికేస్తుంది. ఆ మాట తీసేస్తే సంఘం పెట్టుకోండి అన్నారు, వీళ్లు తీయలేదు. అంటే పేరు మార్చమనడం ప్రతిసారీ అన్యాయం కాదు, ఆ పేరుతో ఏం దక్కుతుందో చూడాలి. "సవర" అన్న మాటతో మన తమ్ముడి సంఘానికి ఏ సీటూ దక్కదు.

సరే, అసలు నిషేధం ఉత్తర్వే చేతికొస్తే? నేనైతే కింద నుంచి పైకి చదువుతాను. సంతకం, తేదీ, సెక్షన్, కారణాలు, శీర్షిక ఆఖర్న. శీర్షిక ముందు చదివితే టెన్షన్ తప్ప ఏమీ రాదు. 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టంలో సెక్షన్ 3 అని ఉంటే కారణాలు చెప్పాలి, 30 రోజుల్లో హైకోర్టు జడ్జి ఉండే ట్రిబ్యునల్‌కి పంపాలి, ఆరు నెలల్లో అక్కడ తేలాలి. సెక్షన్ 35 అని ఉంటే లెక్క వేరు. ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చేస్తారు, ట్రిబ్యునల్ ఉండదు, తీసేయమని మళ్లీ కేంద్రాన్నే అడగాలి, కాదంటే రివ్యూ కమిటీ. రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి, పేపర్లో రెండింటికీ "నిషేధం" అనే రాస్తారు.

ఈ ట్రిబ్యునల్ గొడవ ఎందుకంటారా? మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1950లో, అక్కడి ప్రభుత్వం పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంఘాన్ని చట్టవిరుద్ధం అనేసింది. ప్రభుత్వానికి అలా అనిపిస్తే చాలు, కోర్టు చూడక్కర్లేదు, గెజిట్‌లో అచ్చేస్తే సరి. ఆ సంఘం కార్యదర్శి వి.జి.రో కోర్టుకెళ్లారు. 1952లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి ఆ అధికారం ఇచ్చిన సెక్షన్ చెల్లదంది. కారణాలు న్యాయవిచారణలో తేలకుండా, సర్కారు సొంత నమ్మకం మీద సంఘాన్ని మూయడం కుదరదంది.

అభ్యాసం ఒక్కటే, కానీ కష్టం. 2014లో ఉక్రెయిన్ నుంచి రష్యా లాక్కున్న క్రిమియాలో తాతార్లు అనే జాతి ఉంది. వాళ్ల ప్రతినిధి సభ మెజ్లిస్‌ని 2016లో అక్కడ రష్యా కోర్టు తీవ్రవాద సంస్థ అని నిషేధించింది. అలాంటి సంస్థలకు అడ్డుపడొద్దని 2017లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం మధ్యంతర ఆదేశం ఇచ్చింది. 2024 తీర్పులో మాత్రం నిషేధానికి ఆధారం కొందరు నాయకుల రాజకీయ పనులు, జాతి వివక్ష అని రుజువు కాలేదు అంటూనే, 2017 ఆదేశాన్ని రష్యా ఉల్లంఘించిందనీ చెప్పింది. నాయకులు చేసిన పనికి జాతి మొత్తం ప్రతినిధి సభను మూసేస్తే అది జాతి మీద దెబ్బ కాదా? అవునని ఒక పేజీ, కాదని ఒక పేజీ రాయండి. రెండూ ఒకే మనిషి రాయాలి. ఒకటే పంపితే చదవను.

మెళియాపుట్టి తమ్ముడూ, నీకు ఇది మాఫీ. నువ్వు ముందు ఆ దరఖాస్తు పేరు మార్చకుండా రిజిస్టర్ పోస్టులో మళ్లీ పంపు, తిరస్కరిస్తే ఏ సెక్షన్ కింద తిరస్కరించారో రాతపూర్వకంగా ఇమ్మని పైన ఒక కాగితం కుట్టు. రసీదు ఫోటో నాకు పంపు, ఈసారి టీ గ్లాసు దూరంగా పెట్టి.