చేత్తో నొప్పి తీయడం – 5వ పాఠం: అది నరం కాదండీ

ఈసారి వీపు మీది రెక్క ఎముక గురించి చెబుతానని నాలుగో పాఠం చివర మాటిచ్చాను. చెబుతాను. కానీ ముందు మీ మెడల సంగతి తేల్చాలి.

పోయినసారి మెడకీ భుజానికీ మధ్య ఉండే కండని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని నొక్కమన్నాను. ఎంత గట్టిగా అంటే "ఓర్చుకోగలిగినంత" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ ముక్కే కొంప ముంచింది. మనవాళ్ళ ఓర్పు ఎలాంటిదో నాకు తెలిసుండాల్సింది. రిటైరైన మాస్టారొకరు పళ్ళు బిగబట్టి పది నిమిషాలు నొక్కుకున్నారు. తెల్లారేసరికి భుజం నేరేడుపండు రంగు తేలింది. ఆరా తీస్తే, ఆయనకి గుండెలో స్టెంటు ఉంది, రోజూ క్లోపిడోగ్రెల్ వేసుకుంటున్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి మందులు రక్తం గడ్డకట్టకుండా వాడతారు. అవి వేసుకునేవాళ్ళు గట్టి నొక్కుడు జోలికి పోకూడదు. గోరువెచ్చని కాపడం పెట్టుకోవడం, అరచేత్తో నిమురుకోవడం, అంతవరకే. ఇది మొదటి పాఠంలోనే రాయాల్సిన మాట. రాయలేదు, తప్పు నాదే.

కాబట్టి ఇకనుంచి కొలత ఇదీ: భరించలేని నొప్పిని పది అనుకుంటే, మనం ఐదు దగ్గర ఆగాలి. నొక్కుతూనే పక్కవాళ్ళతో మామూలుగా మాట్లాడగలగాలి. ఊపిరి బిగబట్టారన్నా, మొహం చిట్లించారన్నా ఎక్కువైనట్టే. అప్పుడు కండ వదలదు సరికదా, ఇంకా బిగుసుకుంటుంది.

ఇంకొకావిడ నొక్కుకుంటుంటే కళ్ళు తిరిగాయన్నారు. అడగ్గా అడగ్గా తేలిందేమంటే, వేలు మెడ ముందువైపుకి, దవడ కిందికి వెళ్ళింది. అక్కడ తలకి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని ఉంటుంది. బీపీ ఎంతుందో కనిపెట్టే చోటు దాని గోడలోనే ఉంటుంది. అక్కడ నొక్కితే గుండె నెమ్మదించి, బీపీ పడిపోయి, మనిషి కూలబడిపోవచ్చు. మెడ ముందుభాగం మన పాఠాల్లో లేదు. ఆ మాత్రం ఎవరికైనా తెలుస్తుందిలే అనుకున్నాను. క్షవరం అయ్యాక మెడ టక్కుమనిపించుకోవడం కూడా మన పాఠాల్లో లేదు. మెడ ఎముకల్లోని చిన్న రంధ్రాల్లోంచి రెండు ధమనులు మెదడుకి పోతాయి. ఆ విరుపులో వాటి లోపలి పొర చిరిగితే పక్షవాతం దాకా వెళ్తుంది. అరుదే అనుకోండి. అయినా మానేయండి.

ఇక నాకు చిరాకు తెప్పించిన సంగతి.

మీరు రాసిన వాటిలో సగానికి పైగా ఒకటే పాట: "నరం దొరికిందండీ." "నరం మీద నరం ఎక్కింది, పక్కకి తోస్తే మళ్ళీ అక్కడికే వస్తోంది." ఒకాయనైతే దాన్ని వీణ తీగలా రోజూ పొద్దునా సాయంత్రం మీటుతున్నారట, చోటుకి వచ్చేదాకా.

నరం అనే మాటతో మనం ఎన్ని పనులు చేయిస్తున్నామో చూడండి. సెలైన్ పెట్టడానికి నర్సు వెతికేదీ నరమే, నిజానికది రక్తనాళం. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాడులా లేచేదీ నరమే, అది కండని ఎముకకి కట్టే పట్టీ. మోచేయి గుమ్మానికి తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమనేదీ నరమే. ఈ మూడింట్లో అసలు నరం ఆ చివరిదొక్కటే. మరి మీ వేలికింద తాడులా తగిలింది ఇందులో ఏదీ కాదు. అది కండే. కండపోగుల్లో కొన్ని బిగుసుకుపోతే చేతికి అలా తగులుతాయి, అందులో ఒకచోట ముట్టుకుంటే ఎక్కువ నొప్పి. దానికే ట్రిగ్గర్ పాయింట్ అని పేరు. ఆ ముడి లోపల అసలేం జరుగుతోందో డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఆ గొడవ మనకొద్దు. మనకి కావలసింది ఒక్కటే: అది తన చోటు వదిలి ఎక్కడికీ పోలేదు. ఎక్కిందీ లేదు, దించాల్సిందీ లేదు. పక్కకి తోస్తే మళ్ళీ వస్తోందంటే, రాక ఏం చేస్తుంది? బట్టలారేసే దండేన్ని పక్కకి లాగి వదిలితే ఎక్కడికి వస్తుంది?

మీటితే ఏమవుతుందంటే, మీటినప్పుడల్లా అది ఉలిక్కిపడి బిగుస్తుంది. రాత్రికి నొప్పి రెట్టింపవుతుంది. "నరం ఇంకా దిగలేదు" అని పొద్దున్నే మళ్ళీ మొదలు.

ఇలా చేయండి. వేలు పెట్టి కదపకుండా ఆగండి. కరెంటులా జివ్వుమని వేళ్ళదాకా పాకినా, తిమ్మిరెక్కినా అది నరం, వేలు తీసేయండి. టపటపా కొట్టుకుంటుంటే ధమని, అక్కణ్ణుంచీ తీసేయండి. లోతుగా, బరువుగా, "ఆఁ, అదే అదే" అనిపించే నొప్పయితే కండ. అక్కడ ఉండండి. రుద్దొద్దు, మీటొద్దు, ఆరు ఊపిర్లు తీసి వదలండి. గడియారం చూస్తే మెడ బిగుస్తుంది, అందుకే నేను ఊపిర్లే లెక్కపెడతాను. ఆరోది అయ్యేసరికి ఐదున్న నొప్పి మూడుకో రెండుకో దిగాలి. దిగకపోతే నొక్కుడు తగ్గించండి, పెంచకండి. నూనె రాసుకుని మాత్రం ఇది చేయకండి, వేలు నిలవదు. నువ్వులనూనె మీద నాకేం కోపం లేదు, తలంటుకి దాన్ని మించింది లేదు.

ఇప్పుడు రెక్క ఎముక.

జబ్బ ముందువైపు లోపలెక్కడో లాగుతుంటుంది. ఆ పక్కకి తిరిగి పడుకోలేరు. వెనక జేబులోంచి పర్సు తీయాలన్నా, వీపు మీది హుక్కు పెట్టుకోవాలన్నా ప్రాణం పోతుంది. అందరూ బామ్ రాసేది జబ్బ ముందే. నొప్పి పుట్టేది మాత్రం చాలాసార్లు వెనక, రెక్క ఎముక మీద పరుచుకున్న కండలో. ఏ కండ నొప్పి ఎక్కడ పలుకుతుందో ఓపిగ్గా గమనించి పటాలు వేయించినావిడ జానెట్ ట్రావెల్ అనే అమెరికన్ డాక్టరు. 1961లో అధ్యక్షుడైన కెనెడీ నడుంనొప్పి మనిషి, ఆవిడనే తన వైద్యురాలిగా వైట్‌హౌస్‌కి తీసుకెళ్ళాడు. ఫొటోల్లో కనిపించే ఆయన ఊగే కుర్చీ ఆవిడ సలహాయే.

మోచేయి పక్కటెముకలకి ఆనించి, మడిచి, ముంజేతిని బయటివైపుకి తిప్పండి. ఆ వైపు రెక్క ఎముక మీద ఇంట్లోవాళ్ళ చెయ్యి పెట్టించుకుంటే, చేతికింద గట్టిపడేదే మన కండ. నొక్కడానికి టెన్నిస్ బంతి చాలు, క్రికెట్ బంతి వద్దు. పాత సాక్సులో బంతి వేసి, సాక్సు కొస భుజం మీంచి ముందుకి తెచ్చి పట్టుకుని గోడకి ఆనుకోండి, బంతి జారిపోదు. వెన్నెముక మీదికి రానివ్వకండి (ఈసారి అన్నీ రాసేస్తున్నాను). మూడు చోట్ల ఆరేసి ఊపిర్లు, రోజుకి రెండు పూటలు. నేనైతే కుక్కర్ పెట్టేసి వంటింటి గోడకే ఆనుకుంటాను.

ఒక పరీక్ష. మోచేయి అలాగే ఒంటికి ఆనించి ఉంచి, వేరేవాళ్ళని మీ ముంజేతిని మెల్లగా బయటికి తిప్పమనండి. గోడ అడ్డం వచ్చినట్టు ఆగిపోతే బిగుసుకున్నది కీలు కావచ్చు. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ. అది బంతికి లొంగదు, డాక్టరుకి చూపించండి. జబ్బ నొప్పితో పాటు గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే బంతి అక్కడ పడేసి 108కి ఫోన్ చేయండి.

అభ్యాసం: ఈ వారం మెడలు నొక్కుకోవడం బంద్. దువ్వెనలోంచి పొడవాటి వెంట్రుక ఒకటి తీసి, పాత వారపత్రిక పేజీ కింద ఎక్కడో ఒకచోట పెట్టమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. కళ్ళు మూసుకుని వేలికొసతో వెతికి పట్టుకోండి. దొరికితే రెండు పేజీల కింద, తర్వాత మూడు. గట్టిగా నొక్కారో, వేలికి కాగితం తప్ప ఏమీ తెలియదు. నాలుగు పేజీల కిందది వరసగా మూడుసార్లు దొరికాకే ఆరో పాఠం తెరవండి, అందులో పిక్కలు. నేను నేర్చుకునే రోజుల్లో మూడో పేజీ దగ్గరే పది రోజులు ఆగిపోయాను. దువ్వెన పట్టుకుని వెంటపడుతున్నానని మా అమ్మ చివరికి జడ ముడేసుకుని కూర్చుంది.