వరి మడిలో మీథేన్ తగ్గించాలంటే ముందు ఒక పైపు పాతండి

నిండా నీరున్న వరి మడిలో అడుగు వేస్తే కాలి చుట్టూ బుడగలు లేస్తాయి. చాలా ఏళ్లు నేను వాటిని పట్టించుకోలేదు. వాటిలో ఉండేది మీథేన్ అని తెలిశాక మాత్రం, మడిలో దిగిన ప్రతిసారీ చూపు అటే పోయేది.

నీరు నిలిచి ఉంటే మట్టికి గాలి అందదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అప్పుడు విజృంభించి, కుళ్లుతున్న మోళ్ల నుంచి, వేర్ల నుంచి మీథేన్ తయారుచేస్తాయి. మనకు కనిపించే బుడగలు కొంతే. ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి దారుల గుండా పైకి పోతుంది. 20 ఏళ్ల లెక్కన చూస్తే ఈ వాయువు అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అయితే గాలిలో దీని ఆయుష్షు సుమారు 12 ఏళ్లే. ఇప్పుడు తగ్గిస్తే ఫలితం మన కాలంలోనే కనిపిస్తుందన్నమాట. నన్ను కదిలించింది ఆ మాటే.

చేయాల్సింది మడిని ఎండగట్టడం కాదు, మధ్యమధ్యలో ఆరనిచ్చి మళ్లీ తడపడం. నీరు ఎప్పుడు పెట్టాలో పైపు చెబుతుంది. 30 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పైపు తీసుకోండి. కింది 20 సెంటీమీటర్ల మేర చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు చేసి, ఆ భాగం వరకు మట్టిలో దించండి. లోపలి మట్టి తోడేయండి. మడిలో నీరున్నప్పుడు పైపు లోపలా బయటా మట్టం ఒకటిగా ఉండాలి. కొన్ని గంటలైనా కలవకపోతే రంధ్రాలు పూడినట్టే, తీసి మళ్లీ పాతాలి. గట్టుకు ఒక మీటరు లోపలికి, మరీ మెరకా పల్లమూ కాని చోట పెట్టండి. పల్లంలో పెట్టారో, మిగతా మడి ఎండిపోతున్నా పైపులో నీరు కనిపిస్తూనే ఉంటుంది.

నాటిన పది రోజుల నుంచి రెండు వారాల మధ్య మొదలుపెట్టవచ్చు. కలుపు ఎక్కువగా ఉంటే ఇంకో రెండు వారాలు ఆగండి, నిలిచిన నీరు కలుపును అణుస్తుంది. ఆ తర్వాత పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ 5 సెంటీమీటర్ల ఎత్తు నీరు పెట్టండి. మొదట్లో పైన మట్టి నెర్రెలు విచ్చుతుంటే నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. పైపులో నీరు చూసుకున్నాక ఆ టెన్షన్ తగ్గింది. వేర్లకు అందేంత దూరంలోనే నీరు ఉంది!

ఒక్క విషయంలో మాత్రం పొరపాటు చేయొద్దు. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మడిలో నీరు తగ్గకూడదు. మొదటి పంటలో నేను పూత సమయంలో కూడా ఆరబెట్టాను. ఒక మూలంతా తాలు గింజలే వచ్చాయి.

యూరియా ఆరిన మట్టి మీద చల్లి, వెంటనే నీరు పెట్టండి. తడి పొడి మారేటప్పుడు నత్రజని వృథా అయితే భూమిని వేడెక్కించే మరో వాయువు, నైట్రస్ ఆక్సైడ్, పెరుగుతుంది. అందుకే అవసరానికి మించి ఎరువు వేయకూడదు. కోత తర్వాత మిగిలిన వరి గడ్డిని కూడా సరిగ్గా నీరు పెట్టే ముందే దున్నితే ఆ సూక్ష్మజీవులకు మేత వేసినట్టే. కనీసం నెల ముందు, నేల పొడిగా ఉన్నప్పుడే కలియదున్నండి.

నీరు పెట్టడం, ఆపడం మీ చేతిలో ఉంటేనే ఈ పద్ధతి కుదురుతుంది. ఎడతెగని వానల్లో కుదరదు, చౌడు నేలల్లో నేనైతే వద్దంటాను. కుదిరిన చోట మాత్రం ఎప్పుడూ నీరు నిలిపే మడితో పోలిస్తే మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది, నీరు 30 శాతం దాకా మిగులుతుంది.

పైపు పక్కన ఒక కర్రకు ఎర్ర గుడ్డ కట్టి ఉంచండి. పైరు ఏపుగా పెరిగాక అది లేకపోతే పైపు దొరకదు, కోత మిషన్ వచ్చేలోగా దాన్ని పీకాలి.